భక్తి చెప్పే నోటితో రాజకీయం మాట్లాడొచ్చా? ప్రహ్లాదుడి తీర్పు నేర్పే పాఠం

రుషికొండ నుంచి ఈ వారం పాఠం.

మీలో చాలామంది నన్ను అడుగుతున్న ప్రశ్న ఒకటుంది. కొందరు మర్యాదగా అడుగుతారు, కొందరు కోపంగా అడుగుతారు. "రోజూ ధర్మం ధర్మం అంటారు కదా, మన కళ్ళ ముందు ఇంత జరుగుతుంటే ఒక్క మాట మాట్లాడరేంటి?" అని ఒకరు. ఇంకొకరిది సరిగ్గా దీనికి తిరగేసిన మాట. "ప్రవచనం విందామని వెళ్తే పార్టీ గురించి చెప్తున్నారండీ, ఆ ఛానల్ చూడ్డం మానేశాను. మీరు మాత్రం అలా అయిపోకండి." ఇద్దరూ దేవుడంటే ప్రాణం పెట్టేవాళ్ళే. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. అందుకే దీన్ని ఒక పాఠంగా తీసుకుని నిదానంగా చూద్దాం.

నేను ఈ ప్రశ్నని తప్పించుకుందామన్నా కుదరదు. వీడియోలు చేసే గది కిటికీలోంచి రుషికొండ కనిపిస్తుంది. పేరేమో ఋషుల కొండ. కింద 2020లో బ్లూ ఫ్లాగ్ గుర్తింపు తెచ్చుకున్న బీచ్. ఇక్కడే టీటీడీ కట్టిన వేంకటేశ్వరస్వామి గుడి 2022 మార్చిలో తెరుచుకుంది. ఇదే రుషికొండ 2024 ఎన్నికల్లో రాష్ట్రమంతా తిట్టుకోవడానికి ఒక మాటయిపోయింది. ఇలాంటి చోట కూర్చుని "నాకు రాజకీయం తెలీదండీ" అంటే మీరు నమ్ముతారా?

ముందు ప్రశ్నని విడదీద్దాం

మనం "రాజకీయం" అనే ఒక్క మాటలో మూడు వేరు వేరు విషయాలు కలిపేస్తున్నాం.

మొదటిది పార్టీ. ఎవరికి ఓటెయ్యాలి, ఎవరు గెలవాలి, ఎవరు ఓడాలి అనేది. రెండోది విధానం. ఫ్యాక్టరీ ప్రభుత్వం చేతిలో ఉండాలా, ప్రైవేటుకి ఇవ్వాలా, గుళ్ళ నిర్వహణ ఎవరు చూడాలి వంటివి. ఇక్కడ మంచివాళ్ళు కూడా రెండు రకాలుగా ఆలోచించవచ్చు. మూడోది అన్యాయం. ఎదురుగా ఒకరికి కీడు జరుగుతోంది, చూసినవాళ్ళు నోరు విప్పాలా వద్దా అనేది.

ఈ మూడింటికీ ఒకే జవాబు ఉండదు. "భక్తి ఛానల్ రాజకీయం మాట్లాడకూడదు" అనేవాళ్ళ మనసులో మొదటిది ఉంటుంది. "మాట్లాడి తీరాలి" అనేవాళ్ళ మనసులో మూడోది ఉంటుంది. అందుకే ఎంతసేపు వాదించుకున్నా తేలదు.

ఇంకో సంగతి కూడా గుర్తుపెట్టుకోవాలి. మీరు నా దగ్గరికి సుందరకాండ కోసమో, విష్ణుసహస్రనామం అర్థం కోసమో వచ్చారు. పొద్దున్నే వంటింట్లో పని చేసుకుంటూ, ఐటీ పార్కుకి బస్సులో వెళ్తూ, మధురవాడ హాస్టల్ గదిలో పరీక్షల ముందు భయంతో వింటారు. మనసు మెత్తబడి ఉన్న సమయంలో వింటారు. ఆ సమయంలో నేను ఏం చెప్పినా సగం నమ్మేస్తారు. ఆ నమ్మకం నేను సంపాదించింది కాదు, రాముడి మీద మీకున్న నమ్మకం. అది నా దగ్గర దాచుకోమని ఇచ్చిన సొమ్ము లాంటిది. దాన్ని నా ఇష్టం వచ్చిన అభ్యర్థి మీద ఖర్చు పెట్టేస్తే ఏమంటారు? ఎదుటివాళ్ళ సొమ్ము వాడుకోవడం అంటారు.

సభలో నోరు విప్పింది ఎవరు?

ఇప్పుడు కథలోకి వద్దాం. మహాభారతం సభాపర్వం. ద్రౌపదిని సభకి ఈడ్చుకొచ్చారు. ఆవిడ అడిగింది న్యాయానికి సంబంధించిన ప్రశ్న. ధర్మరాజు ముందు తనని తాను ఓడిపోయాక నన్ను పణంగా పెట్టే హక్కు ఆయనకి ఉందా అని.

భీష్ముడు ఏమన్నాడో గుర్తుందా? ధర్మం చాలా సూక్ష్మమైనది, నేను తేల్చి చెప్పలేకపోతున్నాను అన్నాడు. ఇప్పటి మాటల్లో చెప్పాలంటే "ఇది సెన్సిటివ్ విషయం, నేను కామెంట్ చెయ్యను" అన్నట్టు. అంత జ్ఞాని నోట అంత మాట వచ్చేసరికి మిగతా పెద్దలకి మౌనంగా ఉండటం తేలికైపోయింది.

అప్పుడు లేచిన కుర్రాడు వికర్ణుడు. ఆయన ఎవరో కాదు, దుర్యోధనుడి తమ్ముడే. "ఈమెని గెలుచుకోవడం చెల్లదు" అని కారణాలు వరసగా చెప్పాడు. కర్ణుడు "చిన్నపిల్లాడివి, నీకేం తెలుసు" అని గదమాయించాడు. వికర్ణుడు పాండవుల పార్టీలో చేరలేదు. తర్వాత యుద్ధంలో అన్నల వైపే నిలబడి, భీముడి చేతిలోనే పోయాడు. భీముడు కూడా ఆయన కోసం బాధపడ్డాడు. సభలో ఆ రోజు ఆయన ఎవరి జెండా పట్టుకోలేదు, జరుగుతున్న తప్పుని తప్పన్నాడు. అది కూడా తన సొంత ఇంటివాళ్ళ తప్పు.

ఆ తర్వాత విదురుడు లేచి సభకి ఒక పాత కథ చెప్తాడు. అదే మన ఈ వారం పాఠానికి మూలం. ఆ కథలో న్యాయమూర్తి మన సింహాచలం అప్పన్నకి మొట్టమొదటి భక్తుడిగా మనం చెప్పుకునే ప్రహ్లాదుడు.

ప్రహ్లాదుడి కొడుకు విరోచనుడు. అతనికీ, సుధన్వుడు అనే బ్రాహ్మణ కుర్రాడికీ "మా ఇద్దరిలో ఎవరు గొప్ప" అని పంతం వచ్చింది. ప్రాణాలే పందెం పెట్టుకున్నారు. తీర్పు చెప్పమని ఇద్దరూ ప్రహ్లాదుడి దగ్గరికే వెళ్ళారు. ఒక్కసారి ఆలోచించండి. ఒకవైపు కన్నకొడుకు, నిజం చెప్తే కొడుకు ప్రాణం పోతుంది. ప్రహ్లాదుడు కశ్యపుడి దగ్గరికి వెళ్ళి అడిగాడు. తెలిసి కూడా చెప్పనివాడికి ఏమవుతుంది అని. కశ్యపుడి జవాబు సారాంశం ఇది: ఆశ వల్లనో, కోపం వల్లనో, భయం వల్లనో తెలిసిన నిజం దాచినవాడిని వరుణపాశాలు కడతాయి. సభలో జరిగిన అధర్మాన్ని ఎవరూ ఖండించకపోతే ఆ పాపంలో సగం సభకి పెద్దకి, పావు వంతు చేసినవాడికి, మిగతా పావు నోరు మూసుకు కూర్చున్నవాళ్ళకి.

ప్రహ్లాదుడు తిరిగొచ్చి సుధన్వుడే గొప్ప అని కొడుకుకి వ్యతిరేకంగా చెప్పాడు. ఆ నిజాయితీకి మెచ్చి సుధన్వుడే విరోచనుడి ప్రాణం వదిలిపెట్టాడు.

ఇక్కడ రెండు విషయాలు చూడండి. ఒకటి, మౌనానికి కూడా పాపంలో వాటా ఉందని మన గ్రంథమే చెప్తోంది. కాబట్టి "భక్తులం, మనకెందుకు" అనేదానికి మన సంప్రదాయంలో ఆధారం లేదు. రెండు, మాట్లాడినవాడికి గౌరవం ఎందుకొచ్చింది? తనవాళ్ళకి నష్టం కలిగే మాట చెప్పాడు కాబట్టి. ప్రహ్లాదుడు కొడుకే గొప్ప అని చెప్పి ఉంటే అదీ "అభిప్రాయమే". కానీ ఈ కథ మన దాకా వచ్చేది కాదు.

అన్నమయ్య వద్దన్నది ఏమిటి?

ఇప్పుడు తెలుగునేలకి వద్దాం. అన్నమయ్య జీవితాన్ని ఆయన మనవడు చిన్నన్న ద్విపదలో రాశాడు. అందులో మీకందరికీ తెలిసిన ఘట్టం ఒకటుంది. సాళువ నరసింహరాయలు అన్నమయ్యని ఆదరించిన రాజు, ఆయనంటే అభిమానం ఉన్నవాడు. వేంకటేశ్వరుడి మీద చెప్పినలాంటి పదం నా మీద కూడా ఒకటి చెప్పు అన్నాడు. అన్నమయ్య చెవులు మూసుకున్నాడు, కాదన్నాడు. రాజు సంకెళ్ళు వేయించాడు.

అన్నమయ్య రాజుని తిట్టలేదు, గమనించండి. ఈ రాజు చెడ్డవాడు, ఇంకో రాజు రావాలి అనలేదు. రాజు ఊళ్ళో ఉండటానికి ఆయనకి అభ్యంతరం లేదు, స్నేహానికీ లేదు. స్వామిని పాడిన నాలుకతోనే మనిషి పొగడ్త పాడమంటే మాత్రం కుదరదన్నాడు.

ఈ కాలంలో సంకెళ్ళు ఎవరూ వెయ్యరు, బేరం ఆడతారు. 2024 ఎన్నికలకి ముందు నాకూ ఒక ఫోన్ వచ్చింది. పార్టీ పేరు ఎందుకులెండి. "మీరేం ప్రచారం చెయ్యక్కర్లేదండీ, వీడియో చివర్లో రామరాజ్యం రావాలంటే ఎవరు రావాలో పది సెకన్లు చెప్తే చాలు" అన్నారు. పెద్ద కష్టం లేకుండానే వద్దని చెప్పాను. నన్ను అన్నమయ్యతో పోల్చుకోవడానికి చెప్పడం లేదు, నవ్వకండి. అడిగిన తీరు చూడమంటున్నాను. వాళ్ళకి నా రాజకీయ పరిజ్ఞానం అక్కర్లేదు. మీకు రాముడి మీదున్న నమ్మకమే వాళ్ళకి కావాలి.

మరి రామదండు సంగతేంటి?

"అంటే దేవుడి పేరుతో ప్రజల విషయం ఎత్తకూడదా?" అని మీరు అడగొచ్చు. ఎత్తినవాళ్ళున్నారు. దుగ్గిరాల గోపాలకృష్ణయ్య గారు, మనం ఆంధ్రరత్న అని పిలుచుకునే ఆయన. చీరాల, పేరాల గ్రామాలని కలిపి బ్రిటిష్ ప్రభుత్వం మునిసిపాలిటీ చేసి పన్నులు పెంచినప్పుడు ఆయన ఉద్యమం నడిపారు. 1921లో వేలమంది ఇళ్ళు వదిలేసి ఊరి బయట రామనగర్ అని పాకలు వేసుకుని నెలల తరబడి అక్కడే ఉన్నారు. ఆ ఉద్యమంలో పనిచేసిన వాలంటీర్ల దళం పేరు "రామదండు". అచ్చంగా రాముడి సైన్యం అన్న పేరే.

ఇది తప్పా? నాకైతే తప్పనిపించదు. ఎందుకో చెప్తాను. ఆయన రాముడి పేరు చెప్పి ఎవరికీ ఓటు వెయ్యమనలేదు. పన్ను భారం అనే కళ్ళకి కనిపించే కష్టం గురించి మాట్లాడారు. దానికి మూల్యం ఆయనే చెల్లించారు, జైలుకి వెళ్ళారు. చలిలో, వానలో పాకల్లో ఉన్నవాళ్ళు కూడా తమ కష్టం తామే పడ్డారు. దేవుడి పేరు వాడుకుని లాభపడినవాడు అక్కడ ఎవరూ కనపడరు.

కాబట్టి దేవుడి పేరు పలికామా లేదా అన్నదొక్కటే కొలత కాదు. ఆ పేరు వల్ల లాభం ఎవరికి, ఖర్చు ఎవరికి అన్నది చూడాలి.

చర్చిలో కూడా ఇదే ప్రశ్న

ఇది హిందువుల ఒక్కళ్ళ తలనొప్పి అనుకోకండి. తెలుగులో క్రైస్తవ భక్తి రచనలు చేసేవాళ్ళకీ, వాక్యం చెప్పేవాళ్ళకీ సరిగ్గా ఇదే ఇబ్బంది. వాళ్ళ పాఠకుల్లోనూ రెండు మూడు పార్టీల వాళ్ళుంటారు. వాళ్ళనీ ఎన్నికలప్పుడు అందరూ వెతుక్కుంటూ వెళ్తారు. అక్కడి నుంచి మనం నేర్చుకోవలసిన ఉదాహరణలు రెండున్నాయి.

ఒకటి, దోర్నకల్ బిషప్ అజరయ్య గారు. 1912లో ఆంగ్లికన్ చర్చిలో బిషప్ అయిన మొదటి భారతీయుడు. ఆయన కట్టించిన దోర్నకల్ కేథడ్రల్‌లో మన గుళ్ళ శైలి, మసీదుల శైలి కలిసి కనిపిస్తాయి. 1930ల్లో క్రైస్తవులకి విడిగా నియోజకవర్గాలు ఇవ్వాలన్న చర్చ వచ్చినప్పుడు ఆయన వద్దని నిలబడ్డారు. విడి సీట్లు వస్తే తన వర్గం చేతికి అధికారం వస్తుంది. అయినా విశ్వాసులు ఒక ఓటుబ్యాంకుగా మారడం ఆయనకి ఇష్టం లేదు. ఆయన చెప్పింది అచ్చమైన రాజకీయ అభిప్రాయమే. కానీ అది తన వాళ్ళ చేతికి అందబోయేదాన్ని వద్దనే అభిప్రాయం. ప్రహ్లాదుడి కొలతతో చూస్తే ఇది నిలబడుతుంది.

రెండు, గుర్రం జాషువా గారు. క్రైస్తవ కుటుంబంలో పుట్టిన కవి. 1941లో వచ్చిన ఆయన "గబ్బిలం" కావ్యంలో గుడిలోకి రానివ్వని ఒక పేదవాడు గబ్బిలాన్ని పిలిచి, కాశీలో ఉన్న శివుడికి తన బాధ చెప్పమంటాడు. గబ్బిలానికి గుడిలోకి ప్రవేశం ఉంది, అతనికి లేదు. అది చదివి మన మతాన్ని విమర్శించాడని కోపం తెచ్చుకోవచ్చు. నాకు మాత్రం ఆ మనిషి శివుడు వింటాడనే నమ్మకంతో మాట్లాడాడు కదా అనిపిస్తుంది. అంతకన్నా పెద్ద భక్తి ఏముంటుంది? ఆ కావ్యం ఏ పార్టీకీ పనికిరాదు. ఎనభై ఏళ్ళు దాటినా మనల్ని మాత్రం ఇంకా అడుగుతూనే ఉంది.

చట్టం ఏమంటోంది?

ఇది కూడా క్లుప్తంగా తెలుసుకోండి, ఉపయోగపడుతుంది. 1951 నాటి ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) ప్రకారం మతం పేరుతో ఓటు అడగడం, ఓటు వెయ్యొద్దనడం అవినీతి చర్య. ఇది అభ్యర్థికీ, ఆయన ఏజెంటుకీ, వాళ్ళ సమ్మతితో మాట్లాడేవాళ్ళకీ వర్తిస్తుంది. అభ్యర్థి మతమే కాదు, ఓటరు మతం పేరు చెప్పి అడిగినా తప్పేనని 2017 జనవరి 2న సుప్రీంకోర్టు ఏడుగురు జడ్జీల ధర్మాసనం 4-3 మెజారిటీతో తేల్చింది. 1988 నాటి మరో చట్టం మతసంస్థల ఆవరణలని రాజకీయ కార్యకలాపాలకి వాడకూడదంటుంది.

2024 నవంబరు 18న టీటీడీ పాలకమండలి తిరుమల కొండ మీద రాజకీయ వ్యాఖ్యలు చెయ్యకూడదని తీర్మానించింది. దర్శనం చేసుకుని బయటికి రాగానే మైకు ముందు ఎదుటి పార్టీని తిట్టడం ఒక అలవాటుగా మారింది కదా, దానికి అడ్డుకట్ట అది.

చట్టం గీసిన గీత మాత్రం చాలా చిన్నది. నేరం కానిదంతా ధర్మం అయిపోదు. మిగతా గీత మనమే గీసుకోవాలి.

మన దగ్గరి మూడు పరీక్షలు

ఇప్పటిదాకా చెప్పుకున్నది మన కళ్ళ ముందున్న మూడు విషయాలకి పెట్టి చూద్దాం.

మొదటిది, రుషికొండ. పర్యాటక శాఖ పాత హరిత రిసార్ట్ కూల్చేసి, కొండ తవ్వి కొత్త భవనాలు కట్టారు. హైకోర్టు, ఎన్జీటీ, సుప్రీంకోర్టు దాకా కేసులు వెళ్ళాయి. 2024 ఫిబ్రవరి చివర్లో ప్రారంభించారు. జూన్‌లో ప్రభుత్వం మారాక కెమెరాలు లోపలికి వెళ్ళాయి. ఒకరు రాజభవనం అన్నారు, ఇంకొకరు ప్రభుత్వ ఆస్తే కదా అన్నారు. ఈ విషయంలో నేను చెయ్యగలిగిన అత్యంత తేలికైన వీడియో ఏంటో తెలుసా? "ఋషుల శాపం తగిలింది, అందుకే ఓడిపోయారు." లక్షల వ్యూస్ వస్తాయి. కానీ ఏ ఋషి, ఎప్పుడు శపించాడు? నాకు తెలీదు, ఎవరికీ తెలీదు. తెలియనిదాన్ని దేవుడి నోట పెట్టడం అంటే అబద్ధసాక్ష్యం. పైగా రేపు వీళ్ళు ఓడితే ఇంకో శాపం వెతకాలి. మరి ఏం చెప్పొచ్చు? కొండ, తీరం అందరివీ, ముందు తరాలవీ. ఏ ప్రభుత్వమైనా వాటి జోలికి వెళ్ళేటప్పుడు జనానికి దాచకుండా చెప్పాలి, అనుమతుల మేరకే నడవాలి అని చెప్పొచ్చు. ఇది నిన్నటి ప్రభుత్వానికీ చెప్పొచ్చు, ఇవాళ్టి ప్రభుత్వానికీ చెప్పొచ్చు.

రెండోది, ఉక్కు ఫ్యాక్టరీ. 1966 నవంబరు 1న ఈ ఊళ్ళో పోలీసు కాల్పులు జరిగాయి. "విశాఖ ఉక్కు, ఆంధ్రుల హక్కు" ఉద్యమంలో రాష్ట్రమంతటా 32 మంది ప్రాణాలు పోయాయి. 1971 జనవరిలో శంకుస్థాపన జరిగింది. ఎన్నో ఊళ్ళవాళ్ళు భూములిచ్చారు. 2021 జనవరి 27న కేంద్రం నూరు శాతం వాటా అమ్మడానికి సూత్రప్రాయంగా ఆమోదం ఇచ్చింది. 2025 జనవరిలో 11,440 కోట్ల ప్యాకేజీ ప్రకటించింది. గాజువాక వైపు నుంచి మన వీడియోలు చూసే ఒకమ్మాయి అడిగింది. "మా నాన్నకి జీతం ఆలస్యమైన నెలల్లో ఇంట్లో రోజూ హనుమాన్ చాలీసా చదివామండీ. దేవుడి గురించి చెప్పేవాళ్ళు ఒక్కళ్ళు కూడా మా పేరు ఎత్తలేదేటి?"

ఈ ప్రశ్నకి "మేం రాజకీయం మాట్లాడం" అనేది జవాబు కాదు. ఫ్యాక్టరీ ఎవరు నడపాలన్నది ఆర్థిక విధానం. అందులో నాకు అభిప్రాయం ఉంది కానీ దానికి గీతలోంచి శ్లోకం తీసి ముద్ర వెయ్యను. ఎందుకంటే ఆ విషయంలో శ్లోకం లేదు. కానీ పనిచేసినవాడి కూలి ఆగకూడదు, భూమిచ్చినవాడికి ఇచ్చిన మాట తప్పకూడదు అన్నది ధర్మమే. అది చెప్పడానికి ఎవరి అనుమతీ అక్కర్లేదు. చెప్పకపోతే మనం భీష్ముడి వరసలో కూర్చున్నట్టే.

మూడోది, తిరుమల లడ్డూ. 2024 సెప్టెంబరులో గత ప్రభుత్వ కాలంలో నెయ్యి కల్తీ జరిగిందని ముఖ్యమంత్రి ఆరోపించారు. అవతలి పార్టీ కాదంది. ఆ వారం మనలో ఎంతమంది కళ్ళనీళ్ళు పెట్టుకున్నారో నాకు తెలుసు. కానీ ఆ బాధ చల్లారకముందే రెండు వైపులా భక్తి పేజీలు నేరస్థుల పేర్లు ప్రకటించేశాయి. సెప్టెంబరు 30న సుప్రీంకోర్టు కనీసం దేవుళ్ళనైనా రాజకీయాలకి దూరంగా ఉంచాలన్న భావంతో వ్యాఖ్యానించింది. అక్టోబరు 4న సీబీఐ డైరెక్టర్ పర్యవేక్షణలో ప్రత్యేక దర్యాప్తు బృందాన్ని వేసింది. అలాంటప్పుడు భక్తి చెప్పేవాడు చెప్పగలిగింది ఏమిటి? తప్పు జరిగి ఉంటే తేలాలి, చేసినవాళ్ళు ఎవరైనా శిక్ష పడాలి, స్వామి ప్రసాదం మీద మన నమ్మకం చెక్కుచెదరక్కర్లేదు. అంతే. దర్యాప్తు జరగకముందే తీర్పు చెప్తే ప్రహ్లాదుడి పద్ధతి తప్పినట్టే. కొడుకు ప్రాణం మీదకి వచ్చిన చోట కూడా ఆయన ముందు వెళ్ళి అడిగి తెలుసుకున్నాడు.

నాలుగు ప్రశ్నలు

ఇదంతా కలిపి ఒక చిన్న పరీక్షగా పెట్టుకున్నాను. ఏదైనా ప్రజావిషయం మీద మాట్లాడే ముందు నన్ను నేను ఇవి అడుగుతాను.

1. నేను చెప్పేది జరిగిన విషయం గురించా, లేక ఫలానా మనిషిని గెలిపించడం గురించా?

2. ఇది నాకు తెలిసినదా, ఫార్వర్డ్‌లో వచ్చినదా?

3. నాకు నచ్చిన వాళ్ళు ఇదే పని చేసినా ఇదే మాట అంటానా?

4. ఈ మాట వల్ల లాభం ఎవరికి? నాకు వ్యూసో, డబ్బో, పదవో వస్తుంటే ఆ మాట ఆపాలి. నాకు నష్టం వస్తున్నా చెప్పాలనిపిస్తుంటే బహుశా అది చెప్పాల్సిన మాటే.

నాలుగూ దాటాక కూడా చెప్పే తీరు ఒకటుంది. గీత పదిహేడో అధ్యాయంలో శ్రీకృష్ణుడు మాటతో చేసే తపస్సు గురించి చెప్తాడు. ఎదుటివాళ్ళని కలవరపెట్టకుండా ఉండాలి, నిజమై ఉండాలి, వినడానికి ఇష్టంగా ఉండాలి, మేలు చెయ్యాలి అని. నాలుగూ ఒకేసారి ఉండాలి. నిజం చెప్పాను కదా అని నోటికొచ్చినట్టు తిట్టడానికి అక్కడ చోటు లేదు.

నా ఓటు నాకుంది, వేస్తాను. అది ఎవరికన్నది ఈ ఛానల్‌లో ఎప్పుడూ వినపడదు. సాయంత్రం బీచ్ రోడ్డు మీద మీరు కనపడి, టీ తాగుతూ అడిగితే మామూలు మనిషిగా మాట్లాడుకుందాం. అక్కడ నేను చెప్పేదాన్ని మీరు గట్టిగా కొట్టిపారెయ్యొచ్చు. హారతి ఇచ్చాక అదే మాట చెప్తే మీరు కొట్టిపారెయ్యలేరు. తేడా అక్కడే ఉంది.

మీకు కూడా వర్తిస్తుంది

"మాకు ఛానల్ లేదు కదా" అనుకుంటున్నారేమో. పొద్దున శివుడి ఫొటో స్టేటస్ పెట్టి, మధ్యాహ్నం అదే స్టేటస్‌లో ఎదుటి పార్టీ వాళ్ళని బూతులు తిట్టే వీడియో పెట్టిన ప్రతివాళ్ళూ ఈ పాఠంలో ఉన్నారు. మీ స్టేటస్ చూసే అత్తయ్య వేరే పార్టీకి వేస్తారు. మీ ఆఫీసులో పక్క సీటు క్రైస్తవ స్నేహితుడు కూడా చూస్తాడు. శివుడి ఫొటో చూసి వాళ్ళకి కలిగిన మంచి భావం మధ్యాహ్నానికి ఏమైపోయింది? మన దేవుడి గురించి వాళ్ళకి తెలిసేది ముందు మన నోటి నుంచే.

ఈ వారం సాధన

ఒకటి, రోజూ చేసే జపానికి ముందు ఒక్క నిమిషం, నిన్నటి మీ మాటలో, పోస్టులో ఏదైనా పై నాలుగు ప్రశ్నలకి నిలబడనిది ఉందా చూసుకోండి. ఉంటే తీసెయ్యండి, ఎవరికీ చెప్పక్కర్లేదు.

రెండు, మీరు అభిమానించే పార్టీ చేసిన ఒక తప్పుని కాగితం మీద రాయండి. ఒక్కటి చాలు. చెయ్యి ఆగిపోతే ఎందుకు ఆగిందో ఆలోచించండి.

మూడు, మీ చుట్టుపక్కల మాట సాయం కావలసిన మనిషి ఒకరిని చూడండి. జీతం రాని వాచ్‌మన్ కావచ్చు, ఫీజు కోసం సర్టిఫికెట్ ఆపేసిన జూనియర్ కావచ్చు. వాళ్ళ తరఫున అడగవలసిన చోట ఒక్క మాట అడగండి. ఇందులో పార్టీ లేదు, వికర్ణుడు చేసింది ఇదే.

సింహాచలం వెళ్ళినప్పుడు ఈసారి ప్రహ్లాదుణ్ణి తలుచుకున్నప్పుడు తండ్రి ముందు నిలబడిన పిల్లాడితో పాటు, కొడుకు ముందు నిజం చెప్పిన తండ్రిని కూడా గుర్తు చేసుకోండి. ఇద్దరూ ఒకరే. ఆ నోరు మనకీ ఇమ్మని అప్పన్నని అడుగుదాం.

వచ్చే వారం విదురనీతి మొదలుపెడదాం. అందాకా సెలవు. జై సింహాద్రి అప్పన్న.